ఎంతొస్తుందండీ?



మా మండపేటలో ఎవరైనా కొత్తగా ఏదో పని మొదలెట్టారని తెలిస్తే ముందుగా అడిగే మాట ఒకటుంది. "ఎంతొస్తుందండీ?" అంటారు. తప్పు పట్టడానికి లేదు. ధాన్యం, కొబ్బరి, కోడిగుడ్లు, మొక్కల నర్సరీలు, మా చుట్టుపక్కల అన్నీ లెక్క మీద నడిచే వ్యవహారాలే. ఊళ్ళో ఎటు చూసినా ఉప్పుడు బియ్యం మిల్లులు. బొండాల ధాన్యం నానబెట్టి, ఉడకబెట్టి, కళ్ళంలో ఆరబోసి, మర ఆడించి కేరళకు లారీల మీద పంపిస్తారు. బస్తాకు తేమ ఎంత, నూక ఎంత, తవుడు ఎంత, ఊక ఎవరికి అన్న లెక్కల్లోనే మాలో చాలామందికి తెల్లవారుతుంది, పొద్దుగూకుతుంది. నేనూ ఒక మిల్లులో గుమాస్తాగా పద్దులు రాసి రిటైరైనవాణ్ణే. చిట్టాలో పైసా తేడా వస్తే రాత్రి నిద్ర పట్టని జాతి మాది.

అలాంటివాణ్ణి రేడియోకి పిలిచి సరదాల మీద, చిన్న చిన్న సంతోషాల మీద మాట్లాడమన్నారు. సరే, మాట్లాడతాను. "ఎంతొస్తుందండీ" అంటే చెప్పడానికి ఏమీ లేని పనుల గురించి మాట్లాడతాను. మధ్యలో ఒక్కచోట మాత్రం, ఆ ప్రశ్న గట్టిగా అడిగి తీరాలని కూడా అంటాను. అది ఎక్కడన్నది దారిలో వస్తుంది.

ముందు సాలీడు సంగతి.

వానలు వెనకబట్టాక, దసరా దగ్గర పడే రోజుల్లో, మా పెరట్లో గోరింట చెట్టుకూ నూతి చప్టాకూ మధ్య ఒక సాలీడు గూడు కడుతుంది. ఏటేటా ఇదే వరస. నిరుటి సాలీడు ఉండదు గానీ దాని పిల్లో, పిల్లల పిల్లో వచ్చి అక్కడే చేరుతుంది. పొట్ట మీద పసుపు పట్టెలు, తల దగ్గర వెండి మెరుపు, బొటనవేలి గోరంత ఒళ్ళు. ఎనిమిది కాళ్ళనీ రెండేసి చొప్పున జత కలిపి, గూటి నడిమధ్య తలకిందులుగా కూర్చుంటుంది. చూసేవాడికి నాలుగే కాళ్ళనిపిస్తుంది. ఆ కాళ్ళ కొసల దగ్గర మొదలై నాలుగు మూలలకూ తెల్లటి లావుపాటి పట్టుదారం వంకరటింకరగా కుట్టి ఉంటుంది. మనం లెక్కల్లో వేసే ఇంటూ గుర్తే. శాస్త్రజ్ఞులు ఈ రకాన్ని ఆర్జియోపి అంటారు. ఆ తెల్ల కుట్టు దేనికో ఇప్పటికీ తేలలేదు. పురుగుల్ని ఆకర్షించడానికని కొందరంటారు. పిట్టలు చూసుకోకుండా గూట్లోంచి దూసుకుపోతాయని ముందే హెచ్చరిక అంటారు మరికొందరు. తన ఒళ్ళు పెద్దదిగా కనబడ్డానికని ఇంకొందరు. వాళ్ళు వాదించుకుంటూనే ఉన్నారు. అది మాత్రం రోజూ కుడుతూనే ఉంది.

గూడు కట్టడం చూడాలంటే తెల్లవారుజామున లేవాలి. ముందుగా ఒక దారం గాలిలోకి వదిలి కూర్చుంటుంది. ఆ కొస ఏ కొమ్మకో అంటుకునేదాకా ఎదురుచూడ్డమే. అంటుకున్నాక లాగి బిగించి, దాని మీద నడిచి, కిందికి జారి, చుట్టూ చట్రం కడుతుంది. తర్వాత నడిమి నుంచి చట్రానికి బండిచక్రం ఆకుల్లా దారాలు బిగిస్తుంది. అక్కడి నుంచీ ఉంది అసలు తమాషా. నడిమి నుంచి బయటికి సుడి తిరుగుతూ ఎడమెడంగా ఒక వరస వేస్తుంది. దానికి జిగురుండదు. అది తను నడవడానికి వేసుకున్న పరంజా అన్నమాట. బయటి అంచు చేరాక వెనక్కి తిరిగి, లోపలికి వస్తూ జిగురు దారం పరుస్తుంది. వస్తూ వస్తూ పరంజా విప్పేస్తుంది. వరసకీ వరసకీ మధ్య దూరాన్ని కాలితోనే కొలుచుకుంటుంది. గంట తిరక్కుండా పని పూర్తి. పాత గూటి దారాన్ని పారెయ్యదు, తినేస్తుంది. ఆ మాంసకృత్తులే మళ్ళీ కొత్త దారానికి సరుకు. తరుగు కింద రాయడానికి ఏమీ మిగలదు. మిల్లు గుమాస్తాకి ఇంతకన్నా ముచ్చటైన దృశ్యం ఏముంటుంది చెప్పండి!

మిడత పడ్డప్పుడు చూడాలి. గూడు అదిరిన మరుక్షణం అక్కడికి చేరి, వెనక కాళ్ళతో పట్టుదారాన్ని పట్టీలు పట్టీలుగా లాగి, మిడతను గిరగిరా తిప్పుతూ చుట్టేస్తుంది. మిడత కాళ్ళకు రంపం పళ్ళున్నా, తన్నే బలమున్నా, రెండో తన్ను తన్నే వ్యవధి ఇవ్వదు. చుట్టాకనే కాటు. గూటి ఓ మూల అగ్గిపుల్ల తలకాయంత మగ సాలీడు బిక్కుబిక్కుమంటూ వేళ్ళాడుతుంటుంది. దాని కాపురం గురించి రేడియోలో ఎక్కువ చెప్పకపోవడమే మర్యాద.

ఓ పొద్దున గోడవతల నుంచి పక్కింటి కుర్రాడు అడిగాడు. "ఏటండి బాబాయిగారూ, సాలీడుకి కాపలా కాత్తన్నారా?"

"చూస్తున్నానయ్యా."

"ఎంతసేపు చూత్తారండి?"

"అది కట్టడం అయ్యేదాకా."

"మరి దానివల్ల మనకేటండి..." అని ఆగిపోయాడు. పెద్దవాణ్ణి కదా, మొగమాటపడ్డాడు. కాసేపటికి తనే గోడెక్కి కూర్చుని చూశాడు. చూసినంతసేపూ ఫోను జేబులోనే ఉంది. మా వీధిలో అది చిన్న విశేషం కాదండీ, ఆయ్.

ఇంట్లో మాత్రం సాలీళ్ళకు అంత గౌరవం లేదు. సంక్రాంతి ముందు బూజుకర్ర చేతికొస్తుంది. మా ఆవిడకూ నాకూ ఒక ఒడంబడిక ఉంది. కప్పు కింద ఆవిడ మాట, పెరట్లో నా మాట. అయినా కిటికీ ఊచల మీద తిరిగే గెంతుడు సాలీడును ఆవిడ కూడా ఏమీ అనదు. అది గూడు కట్టదు, బూజు పెట్టదు. వేరుశనగ గింజంత కూడా ఉండదు గానీ ముందువైపు రెండు పెద్ద కళ్ళున్నాయే, వాటితో మనల్ని నిలబడి చూస్తుంది. వేలు ఇటు తిప్పితే ఇటు తిరుగుతుంది, అటు తిప్పితే అటు. మొత్తం ఎనిమిది కళ్ళు, కొన్ని తల పక్కలకూ వెనక్కూ ఉంటాయి కాబట్టి వెనక నుంచి వచ్చే ఈగ కూడా తెలిసిపోతుంది. గెంతే ముందు ఒక దారం కింద అంటించి మరీ గెంతుతుంది. గురి తప్పినా నేల మీద పడదు. స్నానాలగది గోడ మీద రాత్రిపూట అరచేయంత వెడల్పున కనబడి కేకలు పెట్టించేది వేరే రకం. పొట్ట కింద తెల్లటి బిళ్ళ పట్టుకుని తిరుగుతుంటే అది ఆడది, ఆ బిళ్ళ దాని గుడ్ల సంచి. దాని ఆహారం బొద్దింకలు. చెప్పు తీసే ముందు ఆ సంగతి ఒక్కసారి గుర్తు చేసుకోండి, అంతే నా మనవి.

సాలీళ్ళ మీద సరదా అనగానే నవ్వేవాళ్ళకు గుత్తి సంగతి చెప్పాలి. అనంతపురం జిల్లా గుత్తి. అక్కడి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక పెద్ద సాలీడుకు 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు పేరు పెట్టాడు. ఒళ్ళంతా నీలం. నెమలి కంఠం నీలమే అనుకోండి. అందులో రంగు పదార్థమేదీ లేదు. వెంట్రుకల మీది అతి సూక్ష్మమైన నిర్మాణం వెలుగును విరిచి ఆ నీలం చూపిస్తుంది. తర్వాత నూరేళ్ళపాటు దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో, చెట్టు తొర్రల్లో మళ్ళీ కనబడింది. అంటే మొదట్లో గుత్తిలో దొరికింది కలప దుంగల్లో రైలెక్కి వచ్చినదై ఉంటుందని ఊహ. ఇవాళ అది పూర్తిగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో ఉంది. మరోవైపు యూరప్‌లో, అమెరికాలో గాజు పెట్టెల్లో పెట్టి పెంచుకునేవాళ్ళున్నారు. దానికి మంచి ధర పలుకుతుంది. మన నల్లమల అంచుల్లోని సాలీడు పేరు మన పిల్లలకు తెలీదు గానీ, ఎక్కడో జర్మనీలో పెంపుడు సాలీళ్ళవాళ్ళు ఇట్టే చెబుతారు. వాళ్ళ ముచ్చట మీద నాకు కోపం లేదు. పెట్టెల్లో గుడ్లు పొదిగించి పిల్లల్ని చేసేవాళ్ళు నిజంగా ఓపికున్నవాళ్ళు. కానీ సరదాకు ఒకసారి ధర పలికాక, అడవిలో మిగిలిన తొర్రలు కూడా దుకాణం కిందే లెక్క అవుతాయి.

ఇక సంగీతం. మండపేట నుంచి కాస్త దూరం వెళ్తే ద్రాక్షారామం. వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు 1922లో పుట్టింది అక్కడే. కోనసీమలో శంకరగుప్తం గాయకులు బాలమురళీకృష్ణగారి సొంతూరు. పుట్టింది 1930లో. గోదావరి దాటితే నిడదవోలు, గేయకర్త బాలాంత్రపు రజనీకాంతరావుగారిది. ఈ ముగ్గురూ రేడియోలో పనిచేసినవాళ్ళే. 1948 డిసెంబరు ఒకటిన విజయవాడ కేంద్రం మొదలయ్యాక, పొద్దున్నే భక్తిరంజని వినడం మా ప్రాంతంలో పళ్ళు తోముకోవడంతో పాటు జరిగే పని అయింది. టిక్కెట్టు లేదు, సభామర్యాద లేదు. గేదె పాలు పితుకుతూ, పొయ్యి రాజేస్తూ విన్నారు. రాగం పేరు తెలీకపోయినా ఏ చరణం తర్వాత ఏ మలుపు వస్తుందో తెలిసిన పాలేళ్ళను నేనెరుగుదును. సంగీతంలో విద్వాంసులెంత గొప్పవాళ్ళో, ఊరికే వినేవాళ్ళు అంత గొప్పవాళ్ళని నా అభిప్రాయం. వాళ్ళకు ఎవరూ శాలువా కప్పరు, పాపం.

మా ఊళ్ళో నాకొక స్నేహితుడున్నాడు. ఎరువుల కొట్టు ఆయనది. పేరు చెబితే నామీదికొస్తాడు. రాత్రి షట్టరు దించాక, యూరియా బస్తాల మధ్య జాగా చేసుకుని హార్మోనియం ముందు కూర్చుంటాడు. కాళ్ళతో తొక్కే పాత నాటకాల హార్మోనియం. వాళ్ళ నాన్నగారు ఎవరో కంపెనీ నాటకాలవాళ్ళ దగ్గర కొన్నది. మా ప్రాంతంలో పద్యనాటకమంటే ఎంత పిచ్చో వేరే చెప్పక్కర్లేదు. మా పక్కనున్న కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారు దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో కలిసి రాసిన పాండవోద్యోగ పద్యాలు చదువురానివాళ్ళ నోట కూడా పలుకుతాయి. పద్యం చివర రాగం ఎత్తుకుంటే "వన్స్ మోర్" కొట్టని వాడు మనిషి కాడు.

ఈయన వాయించేది ఆ పద్యాల రాగాలే. ముసురు పట్టిందంటే మాత్రం పెట్టె మొండికేస్తుంది. తేమకు రీడు పట్టేసి, ఏ మెట్టూ నొక్కకుండానే ఒక స్వరం సన్నగా మూలుగుతూ ఉంటుంది. అప్పుడు పైచెక్క మరలు విప్పి, ఏ రీడు మూలుగుతోందో చెవి పెట్టి పట్టుకుని, ఇత్తడి నాలిక కింద పల్చటి బ్లేడు దూర్చి ఒక్కసారి మెల్లిగా లేపుతాడు. ఇంత దుమ్ము రేణువు పడుతుంది. మూలుగు ఆగిపోతుంది. ఆ క్షణంలో ఆయన మొహం చూడాలి. రెండు లోడ్ల ఎరువు అమ్ముడుపోయినప్పుడు కూడా ఆ మొహం నేను చూడలేదు.

తమాషా ఏమిటంటే, నేనెరిగిన ఇన్నేళ్ళలోనూ ఆయన వాయింపు ఏమీ మెరుగుపడలేదు. వేళ్ళు తడబడే చోట ఇప్పటికీ తడబడతాయి. "గురువు దగ్గర చేరకూడదా" అని ఒకాయన అడిగాడు. "దేనికండి?" అన్నాడు మావాడు, నిజంగానే అర్థం కాక. నాకు ఆ జవాబు భలే నచ్చింది. ఇవాళ పిల్ల నాలుగు ముక్కలు పాడితే చాలు, టీవీ పోటీకి పంపాలంటారు. కుర్రాడు రెండు బొమ్మలు గీస్తే రీలు చేసి పెట్టమంటారు. లైకులు లెక్కపెట్టుకోవడం కూడా పద్దు రాయడమేనండీ, కాకపోతే పుస్తకం వేరు. మంచిగా వాయించేవాళ్ళు వాయించాలి, సభలు జరగాలి, కాదనను. చెడ్డగా వాయించుకునే హక్కు కూడా మనిషికి ఉండాలి. తలుపు వేసుకుని మాత్రం.

హార్మోనియం గురించి ఈ మైకు ముందు మాట్లాడడం కాస్త కొంటెతనమే. ఎందుకంటే 1940లో ఆలిండియా రేడియో ఈ పెట్టెను నిషేధించింది. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న స్వరాన్ని అది పలకలేదని, గమకాలు దాని వల్ల కావని, అది విలాయతీ సరుకని అభియోగం. రవీంద్రనాథ్ ఠాగూరుగారికి కూడా ఆ పెట్టె గిట్టేది కాదు. అభియోగంలో నిజం లేకపోలేదు. శంకరశాస్త్రిగారి వీణ తీగ మీద వేలు లాగితే పలికేది ఈ చెక్కపెట్టెలో ఎక్కణ్ణుంచి వస్తుంది! 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు. అన్నేళ్ళూ హార్మోనియం రేడియోలో లేదు గానీ మా ఊరి తిరునాళ్ళలో, భజన మందిరాల్లో, నాటకాల పందిళ్ళలో దర్జాగా మోగుతూనే ఉంది. జనం వాయించుకునేదానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

ఇప్పుడు అల్లికల దగ్గరికొద్దాం.

వెనకటి ఇళ్ళలో రేడియో ఎలా ఉండేదో గుర్తుందా? బల్ల మీద, దాని మీద తెల్లటి లేసు గుడ్డ. వార్తల వేళకు గుడ్డ అంచు పైకి మడిచేవారు. తర్వాత టీవీ మీదికి, ఫ్రిజ్ మీదికి అవే గుడ్డలు ఎక్కాయి. మా ఇంట్లోవి మా అత్తగారు అల్లినవి. ఆవిడది నరసాపురం పక్క పల్లె. వశిష్ఠ పాయ ఒడ్డున ఉన్న ఆ నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో లేసు అల్లని గుమ్మం ఒకప్పుడు అరుదు. స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు 1840లలో మన ఆడవాళ్ళకు ఈ పని నేర్పారని చెబుతారు. అక్కడి నుంచి పల్లె పల్లెకూ పాకింది.

ఆవిడ చేతులు నాకు బాగా జ్ఞాపకం. ఎడమచేతి చూపుడువేలికి దారం రెండు చుట్లు తిప్పుకునేది. కుడిచేతిలో కొస వంగిన సన్నటి ఇనుప సూది. ఒక ఉచ్చు, ఆ ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు, గొలుసు వరస. గొలుసు రెండు కొసలూ కలిపితే చిన్న వలయం. ఆ వలయం చుట్టూ రేకలు. రేకలు నిండితే ఒక పువ్వు. చూడక్కర్లేదు, కళ్ళు వీధిలోనూ మాట మాతోనూ ఉండేవి. ఏళ్ళ తరబడి దారం ఒరుసుకుని ఆ చూపుడువేలి మీద చర్మంలో గాడి పడిపోయింది. చనిపోయేదాకా పోలేదు ఆ గాడి.

వారానికోసారి ఏజెంటు వచ్చేవాడు. దారం తూచి ఇచ్చేవాడు, పువ్వులు తూచి తీసుకునేవాడు. ఇచ్చిన దారం బరువుకు వచ్చిన పువ్వు బరువు సరిపోవాలి. పువ్వులు అల్లడం చేతిపని, వాటిని కలిపి బల్లగుడ్డలుగా చెయ్యడం అతుకుపని. పువ్వులల్లే మనిషికి గుడ్డ చివరికి ఏ ఆకారానికి వస్తుందో, ఏ దేశం వెళ్తుందో తెలీదు. మొగపిల్లవాణ్ణి, కొత్త అల్లుణ్ణి, పైగా గుమాస్తాను. కాగితం తీసి లెక్క కట్టాను. పువ్వుకు ఇంత, గంటకు ఇన్ని పువ్వులు, రోజుకు ఇన్ని గంటలు. వచ్చిన అంకె చూసి, "అత్తయ్యగారూ, ఇది కూలి కూడా గిట్టదండి" అన్నాను. ఆవిడ నవ్వేసింది. "కూలేంటి బాబూ, ఊరికే కూచోడం దేనికని. ఏదో కాలక్షేపం."

సరిగ్గా ఇక్కడే అడగాలండీ, ఎంతొస్తుందని.

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త డెబ్బైలలో నరసాపురం వచ్చి, ఆ గుమ్మాల్లో కూర్చుని ఇదే ప్రశ్న అడిగింది. 1982లో లండన్‌లో ఆమె పుస్తకం అచ్చయింది, 'నరసాపురం లేసు అల్లేవాళ్ళు' అన్న అర్థమిచ్చే పేరుతో. అప్పటికి ఆ పల్లెల్లో లక్ష మందికి పైగా ఆడవాళ్ళు అల్లుతున్నారు. వంట, పిల్లలు, పశువులు అన్నీ చూసుకున్నాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు సూది పట్టుకుంటున్నారు. సంపాదన రోజుకు రూపాయి కూడా లేదు, పొలం కూలికి వెళ్ళే ఆడవాళ్ళ కన్నా తక్కువ. సరుకు ఓడలెక్కి విదేశాలకు వెళ్తోంది, ఎగుమతిదారులు మేడలు కడుతున్నారు. లెక్కల్లో మాత్రం ఈ ఆడవాళ్ళు పనివాళ్ళు కారు. ఇంట్లో కూర్చుని తీరికవేళ ఏదో అల్లుకునే గృహిణులు. పొలానికి వెళ్తే పరువు తక్కువ, గుమ్మంలో కూర్చుంటే గౌరవం అన్న మాట ఒకటి ఉండేది కదా, ఆ గౌరవమే వాళ్ళ రేటు తగ్గించింది. తీరికవేళ పనికి బేరమేమిటి?

దేనికైనా ఎంతొస్తుందని అడిగే మన గోదావరి జిల్లాలవాళ్ళం, అడగాల్సిన ఈ ఒక్క చోటా అడగలేదు. ఒకరి సరదాను లెక్కలోకి లాగడం ఎంత మోటుతనమో, ఒకరి పనిని సరదా అని చెప్పి లెక్కలోంచి తప్పించడం అంతకన్నా పెద్ద మోసం. గుమాస్తా ఉద్యోగం నాకు నేర్పినదల్లా ఇదే.

తర్వాత అక్కడి సీతారాంపురంలో లేసు పార్కు వచ్చింది. యంత్రం మీద అల్లిన చౌక లేసు వచ్చి చేతి అల్లికను దెబ్బతీసింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. దానితో అల్లే చేతికి రేటు పెరిగితే సంతోషమే. పెరిగిందా అని ఏజెంటును కాదు, అల్లే మనిషిని అడగాలి.

మా అత్తగారు ఏజెంటు పని మానేశాక కూడా అల్లడం మానలేదు. తేడా అప్పుడు తెలిసింది నాకు. ఏజెంటు పువ్వు ఎప్పుడూ ఒకటే పువ్వు, ఎనిమిది రేకలంటే ఎనిమిదే. సొంతానికి అల్లినప్పుడు ఆవిడ తొమ్మిదో రేక వేసి చూసేది. నచ్చకపోతే పీకి, దారం మళ్ళీ ఉండ చుట్టుకునేది. మనవరాలి గౌను కాలరు అంచుకు మామిడిపిందెలు అల్లింది. ఎక్కడా చూసి వేసింది కాదు. ఎన్నిసార్లు విప్పిందో! ఏజెంటు దారమైతే అన్నిసార్లు విప్పే ధైర్యం ఉండేదా? ఆ కాలరు ఇప్పటికీ మా బీరువాలో ఉంది. గౌను ఎప్పుడో చిరిగిపోయింది.

మా వీధిలో ఇంకొకావిడ ఉన్నారు. టీచరుగా చేసి దిగిపోయారు. ఆవిడ ఉన్ని అల్లుతారు, రెండు సూదుల మీద. రోహిణికార్తెలో ఫ్యాను కింద చెమట్లు కక్కుతూ స్వెట్టరు అల్లే మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. స్వెట్టరు షికాగోలో ఉన్న మనవడికి. పార్శిలు వెళ్ళేసరికి వాడు ఎదిగిపోతాడు, చేతులు పొట్టివవుతాయి. "ఈసారి చేతులు పొడుగు పెట్టానండి" అంటారావిడ. అక్కడ దుకాణంలో ఇంతకన్నా మంచిది దొరుకుతుందని ఆవిడకూ తెలుసు, కూతురికీ తెలుసు. వాడు వేసుకున్న ఫొటో వస్తే మాత్రం వీధంతా చూసి తీరాలి.

వైరు బుట్టలు, పూసల బొమ్మలు, లాకుల దగ్గర గాలం వేసి కూర్చోవడం, కడియపులంక నుంచి తెచ్చిన గులాబీ అంటును బతికించుకోవడం, తాపేశ్వరం మడతకాజాను పొర పొర విడదీసి పాకం కారకుండా తినడం, చెప్పుకుంటూ పోతే తెమలదు. పందెం కోళ్ళ పెంపకం కూడా సరదాయేనని వాదించేవాళ్ళు మా దగ్గర బోలెడుమంది. వాటికి జీడిపప్పు పెట్టి, ఈత కొట్టించి పెంచే ఓపిక చూస్తే ముచ్చటేస్తుంది కూడా. కానీ సంక్రాంతి బరిలో అక్కడ తిరిగే డబ్బు చూశాక దాన్ని ఈ జాబితాలో ఉంచడానికి నాకు చెయ్యి రావడం లేదు.

మళ్ళీ సాలీళ్ళ దగ్గరికే వస్తాను, ఒక పనికొచ్చే మాట చెప్పడానికి. వరి పొలంలో సుడిదోమ అంటే రైతుకు ఎంత భయమో మీకు తెలుసు. మొదళ్ళ దగ్గర చేరి రసం పీల్చేస్తే మడి మధ్యలో పంట గుండ్రంగా మాడిపోతుంది. ఆ దోమను తినేవాటిలో ముఖ్యమైనది పొలంలోనే ఉంటుంది. బూడిద రంగు సాలీడు. గూడు కట్టదు, నీళ్ళ మీద కూడా పరిగెత్తి వేటాడుతుంది. అవసరం లేకుండా మందు కొడితే ముందు ఈ సాలీళ్ళు చస్తాయి. ఆకు తొడుగుల్లో పెట్టిన దోమ గుడ్లకు ఏమీ కాదు. అవి పొదిగి వచ్చేసరికి తినేవాళ్ళు ఉండరు. మందు కొట్టాక దోమ ఇంకా పెరిగిందేమిటని తల పట్టుకునేది అందుకే. ఈ సంగతి విన్నాక గోడ మీది కుర్రాడు "అయితే లాభముందండీ!" అని సాలీళ్ళను క్షమించేశాడు. దోమను తిన్నా తినకపోయినా నేను చూసేవాణ్ణే అని వాడికి చెప్పలేదు.

ఈ పొలం సాలీణ్ణి చూడాలనుకునేవాళ్ళు చీకటి పడ్డాక గట్టు మీదికి వెళ్ళండి. టార్చిలైటును కిందికి పట్టుకోకండి, కంటి పక్కన, కణత దగ్గర ఆనించి పట్టుకుని మడిలోకి చూడండి. దుబ్బుల మొదట్లో ఆకుపచ్చగా చుక్కలు మెరుస్తాయి. కొన్ని నీటి బొట్లు, కొన్ని సాలీడు కళ్ళు. రెండడుగులు ముందుకేస్తే కళ్ళన్నవి పరిగెడతాయి, బొట్లు అక్కడే ఉంటాయి. ఆడది దొరికితే దగ్గరికి వెళ్ళి చూడండి. వెనకాల గుడ్ల సంచి ఈడ్చుకెళ్తూ ఉంటుంది, లేకపోతే వీపు నిండా పిల్లలుంటాయి. ఒక్క జాగ్రత్త. గట్ల మీద రాత్రిపూట పాములు తిరుగుతాయి. మోకాలిదాకా బూట్లు వేసుకుని, తోడుగా ఎవరినైనా పిలుచుకుని వెళ్ళండి. ఎందుకని వాళ్ళు అడిగితే ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం.